హాల్లో డిమ్మర్ బిగించిన రోజు

"బోర్డు మూసీమని చెప్పు ఆ అమ్మాయికి. ఇప్పుడే!"

సింహాద్రి ఆ మాట భార్య కిరణ్మయితో అన్నాడు. ఆ అమ్మాయి మాత్రం అతనికి రెండడుగుల దూరంలోనే ఉంది. నోట్లో రెండు స్క్రూలు పట్టుకుని, గోడలోంచి బయటికి లాగిన తీగల చివర్లు టెస్టర్‌తో ముట్టి చూస్తోంది. హాలు స్విచ్‌బోర్డు పలక నేలమీద బోర్లా పడి ఉంది.

కిరణ్మయి కదల్లేదు. వంటింటి గుమ్మంలో నిలబడి, తడిలేని చేతుల్ని కొంగుతో తుడుచుకుంటూ ఉండిపోయింది.

"నువ్వు కానీ రజనీ. పని ఆపకు," అంది ఇందుమతి, సింహాద్రి తమ్ముడు శశిధర్ భార్య.

ఆమె గోడకి ఆనుకుని నేలమీద కూర్చుంది. నుదుటి మీద తడిగుడ్డ. కళ్లు సగం మూసుకునే మాట్లాడుతోంది.

"మెయిన్ ఎవరు దింపమన్నారు?" సింహాద్రి గొంతు పెరిగింది. "సాయంత్రం ఆరవుతోంది. బయట వాన. ఇల్లంతా చీకటి చేసి కూకోబెట్టారు. ఎవరిల్లనుకున్నారు ఇది?"

"మీ నాన్న కట్టిన ఇల్లురా," అంది నూకమ్మ మంచం మీద నుంచి. "నీకూ ఇల్లే, నీ తమ్ముడికీ ఇల్లే. గొంతు దించు."

రజనీకుమారి నోట్లోంచి స్క్రూలు తీసింది. చరోదా రైల్వే కాలనీలో ఇందుమతితో ఒకే బెంచీ మీద కూర్చుని చదువుకున్న పిల్ల. ఐటీఐలో ఎలక్ట్రీషియన్ కోర్సు చేసి, పదేళ్లుగా స్కూటీ మీద భిలాయి అంతా తిరుగుతూ ఇళ్లలో కరెంటు పనులు చేస్తోంది. అరిచే మగవాళ్ల ముందు పని చేయడం ఆమెకు కొత్త కాదు.

"భయ్యా, పది మినిట్లు," అంది. "స్విచ్ తీసేసి దాని జాగాలో డిమ్మర్ పెడతన్నా, అంతే. గోడ కొట్టలేదు, కొత్త తీగ లాగలేదు. గుండీ ఇటు తిప్పితే లైటు తగ్గుద్ది, అటు తిప్పితే పెరుగుద్ది. ఫుల్లు కావాలంటే ఫుల్లు పెట్టుకోండి."

"నాకెప్పుడూ ఫుల్లే కావాలి. దానికి గుండీ ఎందుకు?"

"ఈ ఇంట్లో మీరొక్కరే ఉన్నారా బావగారూ?" అంది ఇందుమతి.

సింహాద్రి ఆమె వైపు చూడలేదు. "తల నొస్తే గదిలో పడుకోమని చెప్పు దానికి. తలుపేసుకోమను. హాలంతటికీ రోగం అంటించక్కర్లేదు."

"అన్నారు చూడండి అత్తా," ఇందుమతి నవ్వింది. ఆ నవ్వులో సంతోషం లేదు. "నాలుగు నెలలుగా గదిలోనే కదా ఉన్నాను. ఇంకా ఎన్నాళ్లు ఉండాలో అదీ చెప్పమనండి."

నాలుగు నెలల కిందట సుపేలా కూడలిలో స్కూటర్ జారి పడ్డప్పుడు ఆమె తల డివైడర్‌కి కొట్టుకుంది. గాయం మానింది గానీ వెలుతురు పడితే చాలు, కణతల్లో మేకు దించినట్టు ఉంటుంది. తీవ్రమైన లైట్లకి దూరంగా ఉండమన్నాడు డాక్టరు. హాల్లో నాలుగు బల్బులు, నడవలో ఒకటి. అన్నీ సూదుల్లాంటి తెల్లటి వెలుతురే. పొద్దు వాలితే చాలు, తన తిండి తన గదిలో, తన పడక తన గదిలో. ఐదేళ్ల కూతురు రోహిణి హాల్లో పెద్దమ్మ చేతి ముద్దలు తిని, పెద్దమ్మ పక్కనే నిద్రపోతోంది. మొన్న పీడకల వచ్చి లేచినప్పుడు పిల్ల ఏడుస్తూ పిలిచింది కూడా అమ్మని కాదు.

ఆ మర్నాడే ఇందుమతి అత్త కాళ్ల దగ్గర కూర్చుని డిమ్మర్ల సంగతి ఎత్తింది. ఆదివారం భోజనాల దగ్గర నూకమ్మ సరేనంది. సింహాద్రి సగం అన్నం వదిలేసి లేచిపోయాడు. అప్పట్నుంచి ఇంట్లో ఎవరి కంచం వారిదే, ఎవరి మూల వారిదే.

"అయింది," అంది రజనీకుమారి. పలక బిగించి, వెళ్లి మెయిన్ ఎత్తింది.

హాల్లో బల్బులు భళ్లున వెలిగాయి. ఇందుమతి తడిగుడ్డ కళ్లమీదికి లాక్కుంది. రజనీకుమారి గుండీ మెల్లగా వెనక్కి తిప్పింది.

వెలుతురు తగ్గలేదు. వణికింది. నాలుగు బల్బులూ కళ్లు చికిలించినట్టు కొట్టుకోవడం మొదలెట్టాయి. బోర్డులోంచి తేనెటీగ చప్పుడు.

"అద్గదీ!" సింహాద్రి చప్పట్లు కొట్టాడు. "చూసారా? తలనొప్పి లేనోడికి కూడా తలనొప్పి వస్తాది. తీసీ, తీసీ. వెళ్లు ఇంక."

"ఇవి మామూలు ఎల్‌ఈడీలు భయ్యా. వీటికి లోపలే సర్క్యూట్ ఉంటది, తగ్గిస్తే ఇలాగే కొట్టుకుంటాయి." రజనీకుమారి వెంటనే ఫుల్లుకి తిప్పేసింది. "డిబ్బా మీద డిమ్మబుల్ అని రాసినవే పెట్టాలి. శశి భయ్యాకి పొద్దున్నే కాయితం మీద రాసిచ్చా. అవి తేవడానికే కదా వెళ్లారు?"

"గంటన్నరయింది వెళ్లి," అంది ఇందుమతి గుడ్డ కిందనుంచి. "సుపేలా బజారు ఇక్కడికి ఎంత దూరమని?"

వాన చప్పుడు వినిపిస్తోంది. కిరణ్మయి వంటింట్లోకి వెళ్లి టీ గిన్నె పొయ్యిమీద పెట్టింది.

ఇందుమతి ఆ గిన్నె చప్పుడు విని పళ్లు కొరికింది. ఈ నాలుగు నెలల్లో ఆమెకి బావగారి మీద కన్నా కిరణ్మయి మీదే ఎక్కువ మండేది. నడవలో లైటు తను ఆర్పితే ఆవిడ వెలిగించేది. మళ్లీ ఆర్పితే మళ్లీ వెలిగించేది. ఒక్క మాటా అనేది కాదు. మాట అంటే తిరిగి అనొచ్చు. ఆ మౌనాన్ని ఏమనాలో ఇందుమతికి తెలిసేది కాదు.

శశిధర్ తడిసి ముద్దయి వచ్చాడు. ప్లాస్టిక్ సంచి రజనీకుమారి చేతికిచ్చి, తల తుడుచుకోడానికి తువ్వాలు వెతుక్కున్నాడు. అన్న ముఖం వైపు ఒకసారి చూసి, చూపు తిప్పేసుకున్నాడు.

రజనీకుమారి నాలుగు డబ్బాలూ తిప్పి చూసింది.

"ఇవి కూడా మామూలువే శశి భయ్యా."

"అరే, అవునా? దుకాణపోడు అవే ఇచ్చాడు యార్."

"పొద్దున్న తెచ్చినవి కూడా ఇలాగే తప్పు తెచ్చారు. నేను కాయితం మీద పెద్దక్షరాలతో రాసిచ్చా."

"వానలో తడిసిపోయింది కాయితం. ఛోడో నా, ఇంకో రోజు చూద్దాం. అన్న మూడ్ బాగోలేదు."

"ఇంకో రోజా?" ఇందుమతి లేచి నిలబడింది. "నాలుగు బల్బులు తేలేకపోయారా మీరు? రెండుసార్లు వెళ్లి!"

"బల్బులు నా బ్యాగులో ఉన్నాయిలే," అంది రజనీకుమారి. "వేరే ఇంటికని పెట్టుకున్నా. వాళ్లకి రేపు తెచ్చిస్తా."

శశిధర్ తువ్వాలు పట్టుకున్న చెయ్యి తల మీదే ఆగిపోయింది.

"వద్దులే రజనీ దీదీ. వేరేవాళ్లవి ఎందుకు?"

"పెట్టమ్మా," అంది నూకమ్మ. "ఏస్సి సూపించు. ఒక్కపాలి సూద్దాం. నచ్చకపోతే తీసేద్దాం. అంతేగాని సూడకండా ఈ గోలేటి?"

రజనీకుమారి మెయిన్ దింపి, స్టూలు ఎక్కి బల్బులు మార్చింది. వాన మబ్బుకి హాల్లో నీలిచీకటి కమ్మింది. సింహాద్రి ఎక్కడ నిలబడ్డాడో అక్కడే, హాలు మధ్యలో, చేతులు కట్టుకుని ఉండిపోయాడు. ఒక్క అడుగూ వెయ్యలేదు. అది పంతమనుకుంది ఇందుమతి.

మెయిన్ ఎత్తారు. కొత్త బల్బులు వెలిగాయి. రజనీకుమారి గుండీ తిప్పింది.

ఈసారి వణుకు లేదు, చప్పుడు లేదు. తెల్లగా ఉన్న హాలు వెన్నరంగులోకి దిగింది. గోడల మీద మెరుపు పోయింది. ఇంకా తిప్పింది. మంచం, టీవీ, గోడమీది మామగారి ఫొటో, అన్నీ మెత్తబడ్డాయి. మనుషులు మనుషుల్లా, వస్తువులు వస్తువుల్లా తెలుస్తూనే ఉన్నాయి.

ఇందుమతి గుడ్డ తీసేసింది. కళ్లు పూర్తిగా తెరిచింది. కణతల్లో ఏమీ కాలేదు. మళ్లీ రెప్పలు కొట్టి చూసింది. ఏమీ కాలేదు. నాలుగు నెలల్లో మొదటిసారి ఆమె ఆ ఇంటి హాలుని తీరిగ్గా చూసింది. ఏడుపొచ్చింది.

"ఇంక కిందికి ఎంత దాకా వెళ్లాలో సెట్ చేస్తా," అంది రజనీకుమారి, డిమ్మర్ పక్కనున్న చిన్న మరను సన్నటి స్క్రూడ్రైవర్‌తో తిప్పుతూ. "ఇంకొంచెం తగ్గించనా ఇందూ?"

"తగ్గించు."

"ఒలమ్మ, ఎంత బాగుందో! కళ్లకి సల్లగా ఉంది," అంది నూకమ్మ. "దీనికేటిరా అంత రాద్ధాంతం సేసేవు?"

అంతసేపూ అరిచిన సింహాద్రి చేతులు కట్టుకుని అలాగే నిలబడ్డాడు.

కిరణ్మయి టీ గ్లాసులు తెచ్చి నూకమ్మ పక్కన పెట్టింది. లైటు తగ్గిందని అప్పుడే గమనించినట్టు ఆగింది. భర్త వైపు చూసింది. నూకమ్మ ఒక గ్లాసు తీసుకుని కొడుక్కి అందించింది.

"ఇంద, తాగు. కోపం దించుకో."

సింహాద్రి ముందుకి అడుగేశాడు. అతని కాలు స్టూలుకి తగలబోయింది. అంతకు ముందే శశిధర్ వంగి స్టూలుని పక్కకి లాగేశాడు, రోజూ చేసే పని చేసినట్టు. సింహాద్రి చెయ్యి చాపాడు. ఆ చెయ్యి గ్లాసుకి జానెడు పక్కన గాలిని పట్టుకుంది. మళ్లీ పట్టుకుంది.

కిరణ్మయి పరుగున వెళ్లి గుండీ ఆ చివరికి తిప్పేసింది. హాలు తెల్లగా మండింది. సింహాద్రి గ్లాసు అందుకున్నాడు.

"కొంచెం వేడిగా ఉంది, జాగర్త," అంది కిరణ్మయి.

ఇందుమతి కళ్లు గట్టిగా మూసుకుంది. నొప్పి తలలోకి దూసుకుపోయింది. కానీ చూడవలసింది అప్పటికే చూసేసింది. గాలిలో తడుముకున్న ఆ చెయ్యీ, తన మొగుడు లాగిన స్టూలూ, కిరణ్మయి పరుగూ.

ఆమె లేచి, కళ్లు మూసుకునే గోడ తడుముకుంటూ బోర్డు దగ్గరికి వెళ్లింది. గుండీ పట్టుకుని పూర్తిగా కిందికి తిప్పింది.

"ఏటి చేస్తన్నావు?" అంది కిరణ్మయి. "ఇందూ, తీయ్ చెయ్యి!"

"ఉండక్కా." ఇందుమతి సింహాద్రికి ఎదురుగా వచ్చి నిలబడింది. ఇద్దరి మధ్యా మూడడుగులు కూడా లేవు. కుడిచెయ్యి ముందుకి చాపింది. "బావగారూ, నా చేతిలో ఏముంది?"

"ఆటలా?"

"ఆటలే అనుకోండి. ఏముందో చెప్పండి."

"ఇందూ, చాలు," అన్నాడు శశిధర్.

"చెప్పండి బావగారూ. చీకటేం లేదు కదా. అత్తకి డెబ్భై ఏళ్లు, ఆవిడక్కూడా కనబడుతోంది."

సింహాద్రి ఆమె ముఖం ఉన్న వైపు చూస్తున్నాడు. కనుపాపలు అటూ ఇటూ కదిలాయి.

"స్క్రూడ్రైవరు," అన్నాడు చివరికి.

ఇందుమతి చెయ్యి ఖాళీగా ఉంది. ఐదువేళ్లూ విచ్చుకుని ఉన్నాయి.

రజనీకుమారి తన చేతిలోని స్క్రూడ్రైవర్‌ని చప్పుడు కాకుండా బ్యాగులో పెట్టేసింది.

"ఒరే సింహాద్రీ," అంది నూకమ్మ. ఆవిడ గొంతు ఎప్పుడూ లేనంత చిన్నదైపోయింది. "దాని సేతిలో ఏటీ నేదురా."

"తృప్తయిందా?" కిరణ్మయి ఇందుమతి మీదికి వచ్చింది. "అందరి ముందూ నిలబెట్టి చూపించావు. తృప్తయిందా నీకు? నీ తలనొప్పి వీధి వీధంతటికీ తెలుసు. నువ్వు మూలిగితే పక్కింటోళ్లు వచ్చి అడిగీవారు. ఈయన రెండేళ్లుగా నోరు నొక్కుకుని ఉన్నాడు!"

"కిరణ్, ఊరుకో," అన్నాడు సింహాద్రి.

"ఊరుకోను. ఇంక ఏటి మిగిలిందని?" ఆమె అత్తగారి వైపు తిరిగింది. "రేచీకటి అత్తా. రాయపూర్ తీసుకెళ్లి చూపించాను. కంటి వెనక పొర ఎండిపోతందన్నాడు డాక్టరు. కళ్లజోడుకి తగ్గదు, మందుకి తగ్గదు. పగలు బాగానే ఉంటాది. వెలుతురు తగ్గితే మనిషి గుడ్డోడయిపోతాడు. అందుకే నడవలో లైటు. అందుకే మెట్ల అంచులకి తెల్ల పెయింటు వేసాను. మీరంతా నన్ను శుభ్రం పిచ్చిదన్నారు. అనుకోనీ అన్నాను."

ఇందుమతికి ఏదో అనాలనిపించింది. క్షమించమని కాదు. ఆ మాట రాలేదు. నాలుగు నెలలు తనని గదిలోకి తోసింది ఈ వెలుతురే. ఒక్కసారి చెవిలో చెబితే ఏం పోయేది?

"నాకు చెప్పొచ్చు కదక్కా," అంది.

"నీకా? కోపమొస్తే నీ నోట్లో ఏది ఆగుతాది?"

అంతవరకూ బోర్డు దగ్గరే నిలబడ్డ రజనీకుమారి మెల్లగా గొంతు సవరించుకుంది.

"తప్పుగా అనుకోకండి. భయ్యా క్రేన్ నడుపుతారు కదా?"

ఆ ప్రశ్న హాల్లో కొందరికి ఇంకా తట్టలేదు. తట్టినవాళ్లు బయటికి అనలేదు. భిలాయి పక్కనే జాముల్ దాటాక ఉన్న ఒక ప్రైవేటు ఫౌండ్రీలో సింహాద్రి ఇరవై రెండేళ్లుగా క్రేన్ ఆపరేటరు. షెడ్డు పైకప్పు కింద ఇనుప క్యాబిన్‌లో కూర్చుని, కరిగిన ఇనుముతో నిండిన బానని ఈ చివర నుంచి ఆ చివరకి తీసుకెళ్లడం అతని పని. శశిధర్ పనీ అక్కడే. కింద నిలబడి, బానకి కొక్కేలు తగిలించి, పైనున్న అన్నకి చేత్తో సైగలు చేస్తాడు.

"షెడ్డులో లైట్లుంటాయి," అన్నాడు సింహాద్రి.

"ఎంత లైటుంటాదో నాకు తెల్సు భయ్యా. అలాంటి షెడ్లలో వైరింగ్ చేసా. పైనుంచి చూస్తే కింద అంతా మసక."

"ఇనుము కనిపిస్తాది నాకు!" సింహాద్రి గ్లాసుని మంచం పట్టె మీద టక్కున పెట్టాడు. "కరిగిన ఇనుము సూర్యుడిలాగ ఉంటాది. అది కనపడక పోడమేటి?"

"ఇనుము సరే," అంది ఇందుమతి. "దాని కింద మనుషులో?"

సింహాద్రి ముఖం పక్కకి తిప్పుకున్నాడు.

ఇందుమతి భర్త వైపు తిరిగింది. "విన్నారా? మీరు రోజూ ఆ బాన కింద నిలబడుతున్నారు. మీ సైగలు ఆయనకి కనబడవు. ఇన్నాళ్లూ మీ ప్రాణం..."

ఆమె మాట పూర్తి చెయ్యలేదు. శశిధర్ ముఖంలో ఆశ్చర్యం లేదు. భయం కూడా లేదు. తలుపు దగ్గర తడిబట్టలతో నేలచూపులు చూస్తూ నిలబడ్డాడు.

"మీకు తెలుసు," అంది ఇందుమతి.

అతను తువ్వాలు చేతికి చుట్టుకున్నాడు.

"స్టూలు లాగారు. నేను చూసాను. మీకు తెలుసు. అందుకే రెండుసార్లు తప్పు బల్బులు తెచ్చారు. వానలో గంటన్నర తిరిగి మరీ తప్పువి తెచ్చారు!"

"ఏటి చెయ్యమంటావు?" శశిధర్ తలెత్తాడు. "ఒకపక్క నువ్వు. ఒకపక్క అన్న. ఎవరికి కళ్లు లేకుండా చెయ్యను? చెప్పు."

"ఎన్నాళ్లుగా?"

"ఏడాదిన్నర. అన్న క్రేన్ కింద వేరేవాళ్లుండేవారు. నేనే సూపర్‌వైజర్ని బతిమాలుకుని అక్కడికి మారాను. చేత్తో సైగ చేస్తాను, అందరూ అదే చూస్తారు. అన్న అది చూడడు. ఈల వింటాడు. ఒక ఈలకి ఆగడం, రెండింటికి దించడం, పొడుగు ఈలకి పైకి. మా ఇద్దరికే తెల్సు."

"ఆడు లేకపోతే నేను ఏనాడో దిగిపోయేవాణ్ణి," అన్నాడు సింహాద్రి. గొంతులో అరుపు లేదిప్పుడు. "దిగితే నేనేటి? ఇరవై రెండేళ్లు పైన కూకున్నోణ్ణి. కింద గేటు దగ్గర కుర్చీ వేసి కూకోబెడతారు. పోయేవాడు, వచ్చేవాడు పాపం అంటాడు."

"అనుకుంటే ఏటయిందిరా!" నూకమ్మ ఒక్కసారిగా ఏడ్చింది. "ఇద్దర్నీ ఒకేపాలి పోగొట్టుకోమన్నారా నన్ను? ఒకడు పైనా, ఒకడు కిందా!"

రజనీకుమారి బ్యాగు జిప్పు లాగి భుజానికి తగిలించుకుంది. కానీ గుమ్మం దాటలేదు.

"రేపు భయ్యాకి ఏ షిఫ్టు?"

"నీకెందుకు?" అంది కిరణ్మయి. "పని అయింది కదా. వెళ్లు."

"పొద్దున్న షిఫ్టే కదా దీదీ? నేను వినకుండా ఉండాల్సింది. కానీ విన్నాను. లైనులో కరెంటు ఉందని తెల్సి ఆ బోర్డు ఎవర్నీ ముట్టుకోనివ్వను నేను. ఇదీ అంతే. రేపు భయ్యా క్రేన్ ఎక్కితే నేను ఫ్యాక్టరీకి ఫోన్ చేస్తా."

"మా ఇంట్లో మా టీ తాగి మా మీద ఫోన్ చేస్తావా?"

"టీ తాగలేదు దీదీ."

నిజమే. ఆమె గ్లాసు మంచం పక్కనే నిండుగా ఉంది.

శశిధర్ వచ్చి తలుపుకి అడ్డంగా నిలబడ్డాడు. "రజనీ దీదీ, సునో. నేను ఉన్నాను కదా కింద. ఏం కాదు. ఇన్నాళ్లూ ఏం కాలేదు."

"జరగండి," అంది రజనీకుమారి. "నేను అరవడం, మీరు ఆపడం ఎందుకు? మీ ఇంటి మనిషే ఇక్కడుంది. ఇందూ, నువ్వు చెప్పు. నేను చేయనా, నువ్వు చేస్తావా?"

అందరూ ఇందుమతి వైపు చూశారు. గుండీ కిందికి తిప్పే ఉంది. కళ్లకి హాయిగా ఉన్న ఆ వెలుతురులో కిరణ్మయి చేతులు జోడించడం ఆమెకి స్పష్టంగా కనిపించింది. అక్కగా కాదు, తోటికోడలుగా కాదు, ఎవరో ముష్టి అడిగినట్టు. ఇందుమతి ఆ చేతుల్ని చూడలేక మొగుడి వైపు తిరిగింది.

"ఏం కాలేదన్నారు. నిజంగానేనా?"

"నిజమే."

"నా కళ్లలోకి చూసి చెప్పండి. ఏడాదిన్నరలో ఒక్కసారి కూడా మీ ఈల తప్పలేదా?"

శశిధర్ ఆమెను చూశాడు. తర్వాత తలుపు గొళ్లెం వైపు చూశాడు. తడిచొక్కా నుంచి నీళ్లు నేలమీద బొట్లుబొట్లుగా పడుతున్నాయి.

"ఆ రోజు పెద్ద ఫ్యాను వేసారు," అన్నాడు. "చప్పుడు బాగా ఉంది. నేను ఒక్క ఈలే వేసాను. అన్నకి రెండు వినిపించాయి."

"శశీ!" అంది కిరణ్మయి.

"చెప్పనీ," అన్నాడు సింహాద్రి.

"బాన మా మీద పడలేదు. కొక్కెం ఊగి వెళ్లి బిసాహూ కాలిని గోడకేసి నొక్కేసింది. కాంట్రాక్టు మనిషి. ఎడం పాదం తీసేసారు." శశిధర్ ముఖం తుడుచుకున్నాడు. "క్రేన్ కింద గీసిన హద్దు గీత దాటి వచ్చాడని ఫ్యాక్టరీవాళ్లు రాసారు. ఆడి తప్పే అన్నారు. సాక్షి సంతకం నాది."

"గీత దాటాడా?" అడిగింది ఇందుమతి.

"లేదు."

నూకమ్మ ఏడుపు ఆగిపోయింది. ఆవిడ చిన్నకొడుకుని కొత్తవాణ్ణి చూసినట్టు చూసింది. రజనీకుమారి తల వంచుకుంది. వాన తగ్గింది. పక్కింట్లో ఆడుకుంటున్న రోహిణి నవ్వు వినిపించి, ఆగింది.

ఇందుమతి గదిలోకి వెళ్లింది. తిరిగొచ్చేసరికి చేతిలో గొడుగూ, కాళ్లకి చెప్పులూ ఉన్నాయి. రజనీకుమారి పక్కకి వెళ్లి నిలబడి భర్తని అడిగింది.

"బిసాహూ ఇల్లెక్కడ? ముందు ఈ నిజం అతనికి చెప్పాలి, ఫోన్ తర్వాత."

శశిధర్ తలుపు ముందునుంచి జరగలేదు.

"అడుగుతున్నది మిమ్మల్నే. ఎక్కడ?"

"జాముల్‌లో," అన్నాడు సింహాద్రి. అతను హాలు మధ్యలో, ఎవరి ముఖమూ తెలియని మసకలో, గొంతు వచ్చిన వైపు తిరిగి నిలబడ్డాడు. "సిమెంటు ఫ్యాక్టరీ గేటు దాటాక మూడో గల్లీ. నీలం తలుపు. నేను పగలే వెళ్లాను, నాలుగుసార్లు. నాలుగుసార్లూ తలుపు దాకా వెళ్లి వచ్చీసాను." ఒక్క క్షణం ఆగి, తమ్ముడున్న వైపు చెయ్యి చాపాడు. "జరుగు శశీ. ఆళ్లతో నేనూ వెళ్తాను. నన్నెవరైనా చెయ్యి పట్టుకోండి."

ఎవరూ ముందుకి రాలేదు.